కూరగాయల మడుల్లోకి కుక్కలు రాకుండా చెక్క కంచె: ఏ కర్ర, ఎంత ఎత్తు?

పెరటి_పద్మ
ఏలూరు శివార్లలో ఇల్లు. వెనకాల 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు జాగాలో వంగ, బెండ, తోటకూర, గోంగూర మడులు కట్టుకున్నాను. ఒక పొడుగు వైపు ప్రహరీ ఉంది, మిగతా మూడు వైపులా ఏమీ లేదు. పక్కనంతా ఖాళీ స్థలాలే. వీధికుక్కలు రాత్రిళ్ళు వచ్చి మడులు తవ్వి అందులోనే పడుకుంటున్నాయి. మొన్న మొలకెత్తిన తోటకూర మడి మొత్తం పోయింది, చూస్తే ఏడుపొచ్చింది. కంప వేద్దామంటే ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ముళ్ళు వద్దు. గోడ కట్టే స్తోమత ఇప్పుడు లేదు. చెక్కతో దడిలాంటిది కట్టించాలని ఉంది. ఎంత ఎత్తు ఉండాలి? ఏ కర్ర? చెదల సంగతేంటి? మా వడ్రంగి టేకు అంటున్నాడు, మా మరిది సరుగుడు చాలంటున్నాడు. కుక్కలకి దెబ్బ తగిలే ఉపాయాలు మాత్రం చెప్పకండి, అవి నాకొద్దు.

సుబ్బు_తెనాలి
నీలిమందు కలిపిన నీళ్ళు సీసాల్లో పోసి గట్ల మీద పెట్టండి. మా వీధంతా అదే. కుక్క దగ్గరికి రాదు.

మిద్దెతోట_లక్ష్మి
@సుబ్బు_తెనాలి మా వీధిలోనూ ప్రతి గేటు ముందూ ఆ సీసాలే. వాటి పక్కనే కుక్కలు హాయిగా పడుకుంటున్నాయి. కుక్క కంటికి నీలం కనపడుతుంది, నిజమే. కనపడితే భయపడాలని ఏముంది?

గోదారిగట్టు
మరిదిగారి మాటే నాదీను. మా కోనసీమలో దడి అంటే సరుగుడు బాదులే. నిటారుగా ఉంటాయి, చవక, పని తెలిసినవాళ్ళు ఇద్దరుంటే పూటలో కట్టేస్తారు. గుంజలకి సరుగుడు, మధ్యలో వెదురు బద్దలు, జీఐ తీగతో బిగింపు. పాడైన చోట మార్చుకుంటూ పోవడమే. కుక్కల్ని ఆపడానికి టేకు పెట్టడం డబ్బు దండగండి.

బ్రహ్మం_వడ్రంగం
పద్మగారూ, కొలతలు ఇచ్చారు కాబట్టి లెక్క వేసే చెబుతా.

ప్రహరీ వైపు పోగా 20, 30, 20 కలిపి 70 అడుగుల కంచె. గుంజకీ గుంజకీ ఎడం 6 అడుగులు దాటకూడదు. 20 అడుగుల వైపు నాలుగేసి అరలు, 30 అడుగుల వైపు ఐదు. మొత్తం 13 అరలకి 14 గుంజలు, తలుపుకి ఇంకొకటి కలిపి 15. నిలువు బద్ద రెండున్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, నాలుగున్నర అడుగుల పొడవు. బద్దకీ బద్దకీ మధ్య రెండంగుళాల సందు. అంతకు మించి వదిలితే పిల్లలు దూరతాయి, నేను చెప్పేది కుక్కపిల్లల గురించి. ఈ లెక్కన 187 బద్దలు, సుమారు 11 సీఎఫ్టీ (ఘనపుటడుగుల) కలప. అడ్డపట్టీలు పైన ఒకటి, కింద ఒకటి, 2 అంగుళాలకి ఒకటిన్నర, వాటికి 3 సీఎఫ్టీ. తరుగుతో కలిపి 16 కొనుక్కోండి. గుంజల కర్ర వేరు.

ముఖ్యమైన మాట ఒకటుంది. అడ్డపట్టీలు తోట లోపలి వైపు ఉండాలి, బద్దలు బయటి వైపు. చాలామంది అందంగా ఉంటుందని తిరగేసి కొట్టిస్తారు. అప్పుడా పట్టీలు కుక్కకి మెట్లవుతాయి. బద్దల పైకొసలు ఏటవాలుగా కోయించండి, వాననీరు నిలవదు.

కర్ర విషయానికొస్తే టేకు అక్కర్లేదు, గోదారిగట్టు గారు చెప్పిన సరుగుడూ నేను పెట్టను. పైన ఎంత గట్టిగా కనపడినా మట్టిలోకి వెళ్ళిన భాగాన్ని చెదలు ముందు తింటాయి. గుంజలకి నల్లతుమ్మ చేవ తీసుకోండి. పూర్వం బండి ఇరుసులకీ, నాగళ్ళకీ వాడిన కర్ర అది. పైన తెల్లగా ఉండే భాగం చెక్కేయించి ఎర్రటి చేవ మాత్రమే పాతాలి.

పెరటి_పద్మ
@బ్రహ్మం_వడ్రంగం ఇంత ఓపికగా లెక్క వేసి ఇచ్చినందుకు చాలా సంతోషమండి. కాగితం మీద రాసుకున్నాను. నాలుగున్నర అడుగులు దూకవా?

బ్రహ్మం_వడ్రంగం
తరిమితే దూకేవి ఉంటాయి. తీరిగ్గా పడుకోవడానికి వచ్చే కుక్క అంత శ్రమ పడదు, పక్కకి పోతుంది. ఎత్తు పెంచేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది, మీది తుఫాన్ల దారి. సందులు వదలమన్నది అందుకు కూడా.

బేతంచెర్ల_బండ
అందరూ పైన చూస్తాండారు, కింద చూడండప్పా. కుక్క దూకేదానికంటే తవ్వేది ఎక్కువ. మాకాడ నాపరాళ్ళు నిలువుగా పాతి గోడ మాదిరి కడతారు. ఆ మాదిరి కంచె కింద నాపరాయి ముక్కలు నిలబెట్టి పాతించండి, ఒక అడుగు మట్టిలోకి, ఆరంగుళాలు పైకి. బండల అంగట్లో విరిగిన ముక్కలు చవగ్గా పడేస్తారు. దాని పైన మీ చెక్క మొదలవుతుంది. కుక్క గోరు బండకి తగిలితే రెండు గీతలు గీకి వదిలేస్తుంది. ఇంకో లాభం, చెక్క మట్టిని తాకదు.

ఓరుగల్లు_రాజన్న
బండ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను ఇంకో మాట చెప్త. గుంజలకు కట్టె ఎందుకు? మా దిక్కు రాతి కడీలు పాతుతరు. తీగ గుంజనీకి తొర్రలు పెట్టిన కడీలే దొరుకుతయి. ఆ తొర్రల బోల్టు ఏసి అడ్డపట్టీ బిగిస్తే అయిపాయె. చెదల ముచ్చటే లేదు. మా నాయన పాతిన కడీలు ఇప్పటికి గట్లనే నిలబడ్డయి, బద్దలు మాత్రం మార్చుకుంట వస్తున్నం.

గోదారిగట్టు
రాజన్నగారూ, మీ దగ్గర రాయి కాళ్ళ కిందే ఉంటుంది. ఏలూరుకి లారీ కిరాయి వేసి కడీలు తెచ్చేసరికి టేకు నయమనిపిస్తుంది.

ఓరుగల్లు_రాజన్న
గది నిజమే. సిమెంటు స్తంభాలు దొరుకుతయి కదా మీ కాడ, కంచెలకు పోసేవి? అవి పెట్టుకోండ్రి.

పెరటి_పద్మ
దొరుకుతాయండి, చేపల చెరువుల గట్లకి వాడేవి. కానీ ఇంటి వెనకాల కళ్ళకి చెక్కే బాగుంటుందని నా ఆశ.

కలింగాంధ్ర_కర్ర
తాటి చేవ పేరు ఒక్కరూ ఎత్తలేదేంటి? ముదురు తాటి మాను చీలిస్తే అంచున నల్లటి నారలతో ఉండే భాగం ఉంటుంది, అది ఇనుములా ఉంటుంది. మధ్యలో మెత్తని దవ్వ పనికిరాదు, తీసేయాలి. మా శ్రీకాకుళం జిల్లాలో పాత ఇళ్ళ వాసాలన్నీ అవే, తరాలు దాటినా పురుగు పట్టలేదు. పాత పెంకుటిళ్ళు విప్పుతున్నప్పుడు ఆ వాసాలు అమ్మేస్తారు. ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ పెంకుటిళ్ళు విప్పుతూనే ఉన్నారు. పాత కలప అమ్మే అడితిలో అడగండి. పచ్చి చెట్టు కొట్టకుండా పని జరుగుతుంది.

బ్రహ్మం_వడ్రంగం
ఇది నా మాటకన్నా మేలైన మాట. పాత తాటి వాసాలు దొరికితే తుమ్మ వద్దు, అవే గుంజలు చేయించండి. రంపానికి మాత్రం పరీక్ష, కోసేవాళ్ళు గొణుగుతారు. మేకు దిగదు, డ్రిల్లుతో బెజ్జం వేసి జింకు పూత స్క్రూలు బిగించాలి. నల్ల స్క్రూలు వానకి తుప్పు కారతాయి, వద్దు.

సుబ్బు_తెనాలి
ఇంత పని దేనికి, మున్సిపాలిటీకి ఫోను చేస్తే పట్టుకుపోతారు కదా.

పశువైద్యం_కడప
@సుబ్బు_తెనాలి పట్టుకుపోయినా అక్కడికే తెచ్చి వదలాలి. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కకి సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే విడిచిపెట్టాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే పద్ధతి చెప్పింది, రేబిస్ ఉన్నవాటికీ, దూకుడుగా మీదపడేవాటికీ తప్ప. చెవి కొస కత్తిరించినట్టు ఉందంటే ఆపరేషన్ అయిన కుక్క అని గుర్తు. పద్మగారూ, మీ వీధి కుక్కలకి ఆ గాటు లేకపోతే ఆపరేషన్ కోసం ఫిర్యాదు ఇవ్వండి, అది వేరే పని. తోటకి మాత్రం కంచే దారి.

ఇంకోటి అడగాలి. మడుల్లో ఎరువు ఏం వేస్తున్నారు?

పెరటి_పద్మ
పేడ ఎరువు, ఎముకల పొడి. మా పక్కావిడ ఆముదం పిండి వేస్తే కాయ బాగా వస్తుందంది, ఈసారి తెప్పిద్దామని ఉన్నాను.

పశువైద్యం_కడప
దయచేసి తెప్పించకండి. ఆముదం పిండిలో రైసిన్ అనే విషం ఉంటుంది. వాసనకి కుక్కలు ఇష్టంగా తింటాయి. కొన్ని గంటల తర్వాత వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి, విరుగుడు మందు లేదు. సెలైన్లు పెట్టి, లక్షణాలకి మందులిచ్చి ఎదురుచూడటమే మేం చేయగలిగింది. పెంపుడు కుక్కల్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పలేక నలిగిపోతాం. కోళ్ళకీ ప్రమాదమే. బదులుగా వేప పిండి వేయండి, చేదుకి మూతి పెట్టవు.

ఎముకల పొడి విషం కాదు కానీ ఆ వాసనే వాటిని పిలుస్తోంది. కుక్క తవ్వేది ఎముక ఉందనుకుని. చేపల వ్యర్థాలతో చేసిన ద్రావణం పోసేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. కంచె పూర్తయ్యేదాకా అవి ఆపి, వేసిన మడుల మీద నాలుగంగుళాల ఎండుగడ్డి పరచండి.

మిద్దెతోట_లక్ష్మి
డాక్టరుగారి ఈ మాట ప్రతి తోట గుంపులోనూ పెట్టాలి. దుకాణాల్లో ఆముదం పిండి బస్తా మీద నాకెప్పుడూ హెచ్చరిక కనపడలేదు.

నెల్లూరు_నారు
ఎండాకాలం తడి మట్టి చల్లగా ఉంటుందని కూడా తవ్వి పడుకుంటాయి. మేం కంచె బయట చెట్టు నీడలో ఇసుక పోసి, నీళ్ళ తొట్టి పెట్టాం. సగం కుక్కలు అక్కడే ఆగిపోతున్నాయి.

సుబ్బు_తెనాలి
నీళ్ళు పెడితే ఇంకా పది వస్తాయి.

నెల్లూరు_నారు
వస్తే బయట తాగి పోతాయి సుబ్బన్నా. దాహంతో ఉన్న కుక్క తడి మడి వెతుక్కుంటూ లోపలికొస్తుంది. నాకు రెండోదే నష్టం.

రైతుబిడ్డ_పల్నాడు
జట్కా మిషను పెట్టండి, కంచె తీగ ముట్టుకుంటే చిన్న షాక్ కొట్టేది. సోలారుది. మా మిరప చేలో అడవిపందులకి అదే.

పశువైద్యం_కడప
పొలం వేరు, పసిపిల్లలు తిరిగే పెరడు వేరు. జట్కా మిషను అదిలించడానికే, క్షణకాలం కొట్టి వదులుతుంది, సరే. కానీ అది కొనలేక తీగకి నేరుగా ఇంటి కరెంటు తగిలించినవాళ్ళ వల్ల మనుషులు పోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా చదువుతున్నాం. పద్మగారు మొదటే వద్దన్నారు కూడా.

రైతుబిడ్డ_పల్నాడు
నేరుగా కరెంటు ఇవ్వమని నేను అనలేదండి. పిల్లలున్నారంటే సరే, చెక్కే మేలు.

డల్లాస్_శ్రీను
మా టెక్సస్‌లో ఇంటింటికీ చెక్క కంచె ఉంటుంది, ఎక్కువగా 6 అడుగుల సెడార్ పలకలు. ఇక్కడ చేసే పని ఒకటి మీకూ పనికొస్తుంది. నిలువు పలకలు నేలదాకా దించరు. అడుగున అడ్డంగా ఒక పలక బిగిస్తారు, దాని మీద నుంచి నిలువు పలకలు మొదలవుతాయి. పుచ్చితే ఆ ఒక్క పలక మారిస్తే చాలు. బండలు దొరకనివాళ్ళకి ఇది దారి. ఇంకోటి, ఇక్కడ గుంతలు తవ్వే ముందు 811కి ఫోను చేయాలి, భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టిపోతారు. అక్కడ అలాంటి ఏర్పాటు లేకపోయినా మీ నీళ్ళ పైపు, సెప్టిక్ ట్యాంకు గొట్టం ఎటు పోతున్నాయో చూసుకుని గునపం వేయించండి.

పెరటి_పద్మ
సెప్టిక్ గొట్టం సరిగ్గా ఒక మూల గుంజ వచ్చే చోటే పోతోంది! మంచి మాట చెప్పారు శ్రీనుగారూ, ఆ గుంజ అడుగున్నర జరుపుతాను.

గోదారిగట్టు
గుంజలకి అడుగున వాడేసిన ఇంజనాయిలు పూయించండి. మెకానిక్కు షెడ్డులో అడిగితే ఇస్తారు. గుంతలో క్లోర్‌పైరిఫాస్ కూడా ఒక మూత పోస్తే చెదలు దగ్గరికి రావు.

మిద్దెతోట_లక్ష్మి
గోదారిగట్టు గారూ, పొలం గట్టు మీదైతే మీ ఇష్టం. ఇది తోటకూర మడికి రెండడుగుల దూరం. వాడేసిన ఇంజనాయిల్లో ఇంజను అరిగిన లోహాలన్నీ ఉంటాయి. వానకి ఆ మట్టిలోకే దిగుతుంది. పురుగుమందు కొట్టని ఆకు తినాలనే కదా ఆవిడ ఇంత కష్టపడుతోంది.

గోదారిగట్టు
ఒక మూతకి అంత భయమా? ఇల్లు కట్టేటప్పుడు పునాదుల్లో బిందెలకొద్దీ పోస్తున్నారు.

మిద్దెతోట_లక్ష్మి
పునాదిలో గోంగూర పండించం కదండీ.

కలింగాంధ్ర_కర్ర
మా పలాస వైపు జీడిపిక్కల తొక్కల నుంచి తీసిన నూనె రాస్తారు. పడవలకి కూడా అదే. నల్లగా పట్టేస్తుంది, పురుగు ఆగుతుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గ్లవ్స్ వేసుకుని కుంచెతో రాయాలి. పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

బ్రహ్మం_వడ్రంగం
తాటి చేవ దొరికితే ఏ నూనే అక్కర్లేదు, చెదలకంటే నీటిని చూసుకోండి. మీది నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, గుంజ ఊగిపోతుంది. కాబట్టి గుంజల గుంతలు మామూలుగా తవ్వే రెండడుగులు కాదు, రెండున్నర అడుగులు తవ్వించండి. అడుగున నాలుగంగుళాలు కంకర పోసి దాని మీద గుంజ నిలబెట్టాలి, కిందికి దిగిన నీరు జారిపోతుంది. చుట్టూ కంకర, మట్టి కలిపి గడ్డపార మొదలుతో విడతలు విడతలుగా దట్టించాలి. సిమెంటు పోసితీరాలంటే అడుగు మూయకండి, పైన గుంజ చుట్టూ బోర్లించిన మూకుడులా వాలు పెట్టించండి. చదునుగా వదిలితే కర్రకీ సిమెంటుకీ మధ్య నీరు చేరి, సరిగ్గా నేల మట్టంలో కుళ్ళుతుంది. కూలిన కంచెలు చూడండి, ఎక్కువగా అక్కడే విరిగుంటాయి.

మూల గుంజలకి లోపలి వైపు ఏటవాలుగా ఊతకర్ర తప్పనిసరి.

పచ్చకంచె_మదనపల్లె
గుంజలకు గ్లైరిసిడియా కొమ్మలు నాటితే అవే చిగురేస్తాయి. బతికుండే గుంజకి కుళ్ళు లేదు. రెమ్మలు కోసి మడులకి పచ్చిరొట్ట ఎరువుగా వేసుకోవచ్చు, మా మామిడి తోట చుట్టూ అవే. ఒక్కటే జాగ్రత్త, ఆ ఆకులు, గింజలు పిల్లలు నోట్లో పెట్టుకోకూడదు, మంచిది కాదు.

బ్రహ్మం_వడ్రంగం
తోట పెద్దదైతే బంగారం లాంటి సలహా. ఇక్కడ 20 అడుగుల వెడల్పులో నీడ పడిపోతుంది, వంగకి ఎండ కావాలి. పైగా బతికున్న కర్ర లావెక్కుతుంది, స్క్రూలు మింగేస్తుంది.

పచ్చకంచె_మదనపల్లె
నీడ మాట ఒప్పుకుంటా. కొమ్మలు కోస్తూ ఉంటే పడదు, కానీ కోసే ఓపిక ఉండాలి.

పెరటి_పద్మ
ఇంతవరకు నేను తేల్చుకున్నది రాస్తాను, తప్పుంటే చెప్పండి. గుంజలు పాత తాటి వాసాలు (అడితిలో కబురు పెట్టాం, ఉన్నాయన్నారు). బద్దలు నల్లతుమ్మ. అడుగున నాపరాయి ముక్కలు అడుగు లోతు. సందు రెండంగుళాలు, పట్టీలు లోపలి వైపు. ఎముకల పొడి బంద్, ఆముదం పిండి లేదు, పక్కావిడకి కూడా చెప్పేశాను. ఆవిడకి పెంపుడు కుక్క ఉంది, విని హడలిపోయింది. బయట చింతచెట్టు కింద నీళ్ళ తొట్టి పెడతాం.

ఓరుగల్లు_రాజన్న
మంచిగుందమ్మా. బండల సందులల్ల సున్నమో సిమెంటో కూరుండ్రి, లేకుంటే ఎలుకలు సందు జేస్తయి, ఎన్క కుక్క దాన్ని పెద్దగ జేస్తది.

బేతంచెర్ల_బండ
బండ పాతేటప్పుడు పలకంతా ఒకే మట్టం రావల్ల, దారం పట్టించుకోండి.

నెల్లూరు_నారు
పని చేసే రోజుల్లో కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బుతో ధారగా నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోండి. కూలీలకి కూడా చెప్పి పెట్టండి. పసుపూ సున్నం అద్దుకుని కూర్చునేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు.

పశువైద్యం_కడప
నారు గారి మాటకి నూరు దండాలు. టీకా డోసులన్నీ వేయించుకోవాలి, ఒకటి రెండింటితో ఆపొద్దు.

మిద్దెతోట_లక్ష్మి
తలుపు సంగతి ఎవరూ మాట్లాడలేదు. కంచె ఎంత బాగున్నా మా పిన్నివాళ్ళింట్లో కుక్క దూరేది తలుపు కిందనుంచే.

బ్రహ్మం_వడ్రంగం
తలుపు మూడడుగుల వెడల్పు చాలు, ఎరువు తోపుడుబండి పడుతుంది. వెనక ఏటవాలు పట్టీ కొట్టించాలి. కింది మడతబందు మూల నుంచి మొదలై గొళ్ళెం వైపు పైమూలకి పోవాలి. తిరగేసి కొడితే తలుపు నెలల్లోనే వంగి నేలకి రాసుకుంటుంది. కింద గడపలాగా ఒక నాపరాయి పడుకోబెట్టించండి, తలుపుకీ బండకీ మధ్య అంగుళం మించి సందు ఉండకూడదు.

పెరటి_పద్మ
తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా?

బ్రహ్మం_వడ్రంగం
లోపలికి తెరుచుకుంటే కుక్క తోసి వచ్చేస్తుంది. బయటికే పెట్టించండి. గుంజకి లోపలి వైపు ఒక ఆపుబద్ద కొట్టిస్తే, ఎంత తోసినా తలుపు దానికి ఆనుకుని నిలబడుతుంది.

గోదారిగట్టు
గొళ్ళెం పైన పెట్టించండి, పిల్లలకి అందనంత. మా మనవడు కింద గొళ్ళెం తీసి కుక్కని తనే లోపలికి తీసుకొస్తున్నాడు.

పెరటి_పద్మ
మా చిన్నదీ అదే రకం. నాలుగడుగుల ఎత్తున పెట్టిస్తాను.